టెక్ సందేహాలు: నీళ్లలో ముఖాలు నల్లగా వస్తున్నాయా?

ప్రశ్న: రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో మా అమ్మా, పిన్నీ రొట్టెలు మార్చుకుంటుంటే నీళ్లలో వాళ్ల ప్రతిబింబాలు కూడా పడేలా పోర్ట్రెయిట్ మోడ్‌లో తీశాను. మనుషులు చక్కగా వచ్చారు. నీళ్లలోని ముఖాలు మాత్రం నల్లగా, అలికేసినట్టు ఉన్నాయి. కొత్త ఫోన్ కొనాల్సిందేనా?
– డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: అక్కర్లేదు, ఉన్న ఫోన్ చాలు. ముందు పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. అది మనిషి ఎక్కడున్నాడో అంచనా వేసి, మిగతాదంతా వెనకున్న దృశ్యం అనుకుని మసక చేస్తుంది. తలకిందులుగా ఉన్న ముఖాన్ని చాలా ఫోన్లు ముఖంగా లెక్కలోకే తీసుకోవు. మామూలు ఫొటో మోడ్‌లో ఆ తెలివితేటల బెడద ఉండదు.

ఇక ఫోకస్. నీళ్ల మీద ఆకో నురగో తేలుతుంటే కెమెరా దాన్నే పట్టుకుంటుంది. కానీ ప్రతిబింబం ఉన్నది నీటి పైపొర మీద కాదు. మీ నుంచి నీటికి ఎంత దూరమో, నీటి నుంచి ఆ మనిషికి ఎంత దూరమో రెండూ కలిపితే అంత దూరాన ఉన్నట్టు లెన్స్‌కి లెక్క. అందుకని నీళ్లలో కనిపించే ముఖం మీదే వేలు కాసేపు నొక్కి ఉంచండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ అక్కడ లాక్ అవుతాయి.

నలుపుకి అసలు కారణం మీరు నిలబడ్డ తీరు. నీళ్లలోకి నేరుగా కిందికి చూస్తే, పడ్డ వెలుగులో దాదాపు 2 శాతమే తిరిగొస్తుంది. చూపు ఏటవాలు అయ్యేకొద్దీ అది పెరుగుతుంది. నీటిమట్టానికి 15 డిగ్రీల కోణంలో చూస్తే 20 శాతం దాకా వస్తుంది. కాబట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి, బాగా కిందికి వంగి తీయాలి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి, లెన్స్ నీళ్లకి జానెడు ఎత్తులోకి వచ్చేస్తుంది. ఫొటోని ఫోనే నిటారుగా తిప్పి చూపిస్తుంది. చేతికి తాడు మాత్రం తగిలించుకోండి.

ఎండ మనిషి మీద పడాలి, ప్రతిబింబం కనిపించే చోట నీళ్లు నీడలో ఉండాలి. ఈ ఒక్కటి కుదిరితే సగం పని అయినట్టే. పండుగనాడు అంతమంది దిగాక నీళ్లలో బురద తేలుతుంది, దాని మీద ఎండ పడితే ఆ మట్టిరంగు ప్రతిబింబాన్ని మింగేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం అద్దంలాంటి నీళ్లు కావాలంటే చెరువు ఒప్పుకోదు! పొద్దు పొడిచి ఎండ రాగానే, జనం పలచగా ఉన్న అంచున ప్రయత్నించండి. అలలుంటే వరసగా పది ఫొటోలు తీసి, ముఖం కుదిరిన దాన్ని ఉంచుకోండి. ఇంకోమాట, పక్కన మొక్కుతో వచ్చినవాళ్లు ఉంటారు. తలకిందులుగా ఉన్నా అది వాళ్ల ముఖమే, అడిగి తీయండి.

ప్రశ్న: నీళ్ల ఫొటోలకి తప్పనిసరి అంటే నా మిర్రర్‌లెస్ కెమెరాకి పోలరైజర్ ఫిల్టర్ కొన్నాను. పెన్నా ఒడ్డున వాడితే మనుషుల ప్రతిబింబాలే మాయమయ్యాయి. ఫిల్టర్ చెడిపోయిందా?
– సంగం నుంచి ఒకరు

జవాబు: లేదు, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నీళ్ల మీది మెరుపుని తీసేయడమే దాని ఉద్యోగం. నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూస్తే, నీళ్లలోంచి తిరిగొచ్చే వెలుగంతా ఒకే దిశలో కంపిస్తుంది. ఫిల్టర్ దాన్ని దాదాపు పూర్తిగా ఆపగలదు. ముందున్న రింగుని అక్కణ్నుంచి 90 డిగ్రీలు తిప్పండి, ప్రతిబింబం తిరిగొస్తుంది, పైగా అడుగున ఉన్న ఇసుక కాస్త తగ్గి కనిపిస్తుంది. సాయంత్రం వెలుతురు తగ్గాక మాత్రం ఊడదీయండి, ఉన్న వెలుతురులో సగానికి పైగా అదే తినేస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని ఫ్రేమ్ చూసుకుంటుంటే అవీ తీసేయండి. మీ కంటికి కనిపించేది ఒకటి, కెమెరాకి ఒకటి అవుతుంది.

ప్రశ్న: వరి మడిలో నాట్లు వేస్తున్న మా బాబాయి ప్రతిబింబాన్ని తీసి, నిటారుగా కనిపించాలని 180 డిగ్రీలు తిప్పాను. చొక్కా మీది అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి.
– కోవూరు

జవాబు: నీళ్లు బొమ్మని తిప్పవు, పైభాగాన్ని కిందికి మడుస్తాయి. అందుకే తిప్పితే సరిపోదు. ఫొటోలు దిద్దే యాప్ స్నాప్‌సీడ్‌లో రొటేట్ తెరిచి, 90 డిగ్రీల బటన్ రెండుసార్లు నొక్కి, ఆ తర్వాత పక్కనున్న ఫ్లిప్ నొక్కండి. అక్షరాలు సరిగ్గా చదవొస్తాయి.

ప్రశ్న: నా ఫోన్‌కి ఐపీ68 రేటింగ్ ఉంది, అంటే దుమ్ము, నీళ్లు చొరబడవని పరీక్షించినది. కొత్తపట్నం బీచ్‌లో నీళ్లకి ఆనించి తీయొచ్చా?
– ఒంగోలు

జవాబు: వద్దు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, అదీ కదలని నీళ్లలో. ఉప్పునీటికి ఆ హామీ వర్తించదు. లోపలికి నీళ్లు పోతే వారంటీ కూడా సాధారణంగా ఇవ్వరు. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లకీ ఇదే మాట. తుంపర పడిందా, మంచినీళ్లతో మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ పెట్టకండి.