పాత లైబ్రరీలు ఎప్పుడు తీసేయాలి?

ప్రశ్న: ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ని 13 నుంచి 14కి అప్‌గ్రేడ్ చేశాను. అంతా బాగానే నడుస్తోంది. కానీ లైబ్రరీల (ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైళ్ల) ఫోల్డర్లలో పాత ఫైళ్లు అలాగే ఉన్నాయి. డిస్క్‌లో చోటు చాలడం లేదు. తేదీ చూసి పాతవన్నీ డిలీట్ చేసేయొచ్చా?

జవాబు: వద్దండీ. తేదీ చూసి గానీ, పేరు చివరి అంకె చూసి గానీ ఏదీ తీసేయకండి. అక్కడ లిబ్‌సీ.ఎస్ఓ.7 అని ఒకటి కనిపిస్తుంది, దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడుకునే మూల లైబ్రరీ అది. సిస్టమ్ 14 అయితే ఇంకా ఈ 7 ఎందుకని చెయ్యి దురద పెడుతుంది. 2008లో 7.0 వచ్చినప్పటి నుంచి దాని అంకె అదే, లోపలి కోడ్ మాత్రం కొత్తదే. దాన్ని తీసేశారంటే ఫైళ్ల జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్ కూడా పలకదు. అప్పుడిక రెస్క్యూ ఫోల్డర్‌లో, ఏ లైబ్రరీ అవసరం లేకుండా నడిచే కమాండ్లే దిక్కు.

నిజంగా పోవలసినవి లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.111, లిబ్‌క్రిప్టో.ఎస్ఓ.111 లాంటివి. ఇవి ఎన్‌క్రిప్షన్ కోసం వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌వి. 13లో దాని 1.1.1 వెర్షన్ ఉండేది. 14లో 3.0 వచ్చింది, కొత్త ఫైళ్ల చివర 30 ఉంటుంది. 1.1.1కి మామూలు సపోర్ట్ 2023 సెప్టెంబరులోనే ఆగిపోయింది. దాన్నే పట్టుకుని నడిచే ప్రోగ్రామ్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు అందవు. నేను తీసేయమనేది అందుకే. చోటు కోసమైతే ఇవి తీసినా కలిసొచ్చేది కొద్ది మెగాబైట్లే, దానికి ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పీకేజీ టూల్‌లో పీకేజీ క్లీన్ కొట్టి చూడండి, డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీల పాత కాపీలను తీసేస్తుంది.

అంతా బాగానే నడుస్తోందన్నారు. బహుశా ఆ పాత ఫైళ్లు ఇంకా ఉండబట్టే! అందుకే ముందు పీకేజీ అప్‌గ్రేడ్‌ని మైనస్ ఎఫ్‌తో నడిపి ప్యాకేజీలన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. పీకేజీయే మొరాయిస్తే, లైబ్రరీలు అవసరం లేకుండా నడిచే దాని రూపం పీకేజీ-స్టాటిక్ ఉంది. మీరు సొంతంగా కంపైల్ చేసుకున్నవి ఇందులోకి రావు, అందరూ మర్చిపోయేది వీటినే. ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడుతోందో చూపించే ఎల్‌డీడీ కమాండ్‌ని ఒక్కోదాని మీద నడపండి. జాబితాలో 111 కనిపిస్తే మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

ఆ తర్వాత ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఇన్‌స్టాల్ ఇంకోసారి ఇస్తే పాత లైబ్రరీలను అదే తీసేస్తుంది. సోర్స్ నుంచి అప్‌గ్రేడ్ చేసుంటే మేక్ చెక్-ఓల్డ్‌తో జాబితా చూసుకుని, మేక్ డిలీట్-ఓల్డ్-లిబ్స్ ఇవ్వండి. ఒక్కో ఫైలుకీ అడుగుతుంది. విసుగొచ్చినా చదివే వై నొక్కండి.

ఇంకో సంగతి. ఫైలు పోయినా, అప్పటికే నడుస్తున్న సర్వీసు దాన్ని మెమరీలో పట్టుకునే ఉంటుంది. ఏమీ కాలేదనిపిస్తుంది, రీస్టార్ట్ చేసినప్పుడు బయటపడుతుంది. కాబట్టి తీసేసిన వెంటనే, మీరు ఎదురుగా ఉండగానే రీబూట్ చేయండి. నాట్ ఫౌండ్ అని మెసేజ్ వస్తే టెన్షన్ పడకండి. ఏ లైబ్రరీ లేదో, ఏ ప్రోగ్రామ్ అడుగుతోందో ఆ లైన్‌లోనే ఉంటుంది. ఆ ఒక్క ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు.