ఎండుటాకు అనుకున్నా, నియాన్ టెట్రాలు మాయం!

ప్రశ్న: నా ట్యాంకులో అమెజాన్ లీఫ్ ఫిష్ వేసి వారమైంది సార్. ఎప్పుడు చూసినా తల కిందికి పెట్టి కదలకుండా వేలాడుతుంది, పెల్లెట్స్ వేస్తే కన్నెత్తి కూడా చూడదు. పైగా అందులోనే ఉన్న తొమ్మిది నియాన్ టెట్రా చిన్న చేపల్లో నాలుగు కనిపించట్లేదు. దీనికేమైనా జబ్బా?

జవాబు: జబ్బేం లేదండీ, ఆ నాలుగూ దాని కడుపులోనే ఉన్నాయి! దాని వేటే అంత, ఎండుటాకులా నీళ్లలో తేలుతూ వస్తుంది, గడ్డం కింద చిన్న పోగు ఉంటుంది చూడండి, అచ్చం ఆకు తొడిమే, ఒళ్లు కదలదు గానీ దగ్గరగా చూస్తే అద్దంలాంటి రెక్కలు మాత్రం సన్నగా వణుకుతుంటాయి, చేప దగ్గరికొచ్చిందా నోరు గొట్టంలా ముందుకు సాగి గుటుక్కుమనిపిస్తుంది. పది సెంటీమీటర్లు కూడా పెరగదు గానీ తనలో సగం సైజు చేపనైనా మింగేస్తుంది. మిగిలిన ఐదింటినీ ఈరోజే వేరే ట్యాంకులోకి మార్చేయండి.

పెల్లెట్స్ మీద ఆశ వదిలేసుకోండి, దానికి కదిలే తిండే కావాలి. గప్పీ చేప పిల్లలు వేయండి, కొన్నవైతే రెండు మూడు వారాలు విడిగా ఉంచి చూశాకే, లేకపోతే వాటి రోగాలు దీనికి అంటుతాయి. గోల్డ్ ఫిష్ పిల్లలు చవగ్గా వస్తాయని రోజూ అవే పెట్టకండి, విటమిన్ బి1 తగ్గిపోతుంది.

నీళ్లు మెత్తగా, అంటే లవణాలు తక్కువగా, పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వం కొలత) 6 దగ్గర, వేడి 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి, ఫిల్టర్ ధార స్లో చేయండి. మన వీధుల్లో రాలే ఎర్రటి బాదం ఆకులున్నాయిగా, కడిగి రెండు వేయండి, నీళ్లు టీ రంగుకొస్తాయి, కంగారు పడొద్దు, దాని సొంతూరి నీళ్లూ అలాగే ఉంటాయి.