తినకపోయినా పొద్దున్న షుగర్ ఎందుకు పెరిగిందంటే

రాజోలు నుంచి అడిగిన తమ్ముడూ, కార్తీక సోమవారం ఉపవాసం ఉండి నక్షత్రం చూశాక మీ నాన్నగారు పాలూ పండే తీసుకున్నా, రాత్రి 118 ఉన్న షుగర్ తెల్లారేసరికి 146 అయిందనీ, చాటుగా ఏమైనా తిన్నారేమోననీ రాశారు. పాపం, ఆయన్ని అనుమానించకండి. అది కాలేయం వదిలిన షుగరే.

మనం గాదెలో ధాన్యం పోసుకున్నట్టే కాలేయం సుమారు 100 గ్రాముల గ్లూకోజుని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. తిండి ఆగి ఇన్సులిన్ తగ్గి, షుగర్ పెంచే హార్మోన్ గ్లూకగాన్ పెరిగితే అందులోంచి తీసి రక్తంలోకి వదులుతుంది, ఎందుకంటే మెదడుకే రోజుకి 120 గ్రాముల దాకా కావాలి. ఒక రోజు దాటితే గాదె దాదాపు ఖాళీ, అందుకే ఈలోపే లాక్టేట్, కండరాల అమైనో ఆమ్లాలు, కొవ్వులోని గ్లిజరాల్ తీసుకుని కొత్త గ్లూకోజు తయారు చేస్తుంటుంది. ఇంకా సాగితే కొవ్వు నుంచి కీటోన్లనే ఇంధనం తయారు చేస్తుంది.

తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో అప్పుడు కాలేయాన్ని ఆపడానికి ఇన్సులిన్ బలం చాలదు, అదే మీరు చూసిన 146.

నాకు భయం వేరే చోట. ఆయన గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే వచ్చే సోమవారానికి ముందే డాక్టరుగారిని డోసు అడగండి. చెమటలు, వణుకు వచ్చినా, 70 కంటే తగ్గినా నక్షత్రం కోసం ఆగకుండా వెంటనే పంచదార నీళ్లు పట్టించండి.