ఎప్పుడు చూసినా రాసుకుంటూనే ఉంటారు, పిలిస్తే పలకరు: ఒక తిరుపతి నర్సు జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "తిరుపతిలో మా అమ్మను ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. రాత్రిపూట ఎన్నిసార్లు పిలిచినా నర్సు వెంటనే రాదు, వచ్చినా విసుక్కుంటుంది. ఎప్పుడు చూసినా కౌంటర్లో కూర్చుని ఏదో రాసుకుంటూ ఉంటుంది. జీతం తీసుకుంటున్నారు కదా, ఎందుకిలా?"

మీ ప్రశ్నలోనే జవాబుంది. ఏదో రాసుకుంటూ ఉంటుంది అన్నారు చూడండి, అదే. ఆమె రాసేది ఇంటి పాలలెక్క కాదు, మీ అమ్మగారి కేస్ షీటే. నేనూ ఈ ఊళ్ళోనే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆడవాళ్ళ మెడికల్ వార్డులో చేస్తున్నాను. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి చాలా ఏళ్ళయింది. ఆసుపత్రి పేరు చెప్పను, చెప్తే రేపు రోస్టర్లో నా పేరుండదు.

రాత్రి డ్యూటీకి వచ్చీ రాగానే ఓవర్ తీసుకోవాలి, అంటే దిగిపోయే సిస్టరు దగ్గర పేషెంట్ల సంగతులన్నీ అప్పజెప్పించుకోవాలి. తర్వాత క్రాష్ కార్ట్, అంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే మందుల బండి, తెరిచి మందుల లెక్క, ఎక్స్‌పైరీ తేదీలు చూసి సంతకం పెట్టాలి. మందుల ఫ్రిజ్ టెంపరేచర్ చూసి ఇంకో సంతకం. ఆ తర్వాత ప్రతి మంచానికీ టీపీఆర్ (జ్వరం, నాడి, ఊపిరి లెక్క), బీపీ, ఎంత తాగారు ఎంత పోశారు అనే లెక్క, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా అడిగి వేసే అంకె, మంచం మీంచి పడిపోయే ప్రమాదం ఎంతో మార్కులు వేసే ఫారం, పడుకుని పడుకుని ఒంటికి పుండ్లు (బెడ్‌సోర్) పడే ప్రమాదానికి మరో ఫారం, ఇచ్చిన ప్రతి ఇంజెక్షన్‌కూ టైము, సంతకం. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) పేషెంటయితే ఆ కాగితాలు అదనం, మంచం మీద ఉన్నట్టు ఫొటో కూడా కావాలి. ఇందులో ఒక్కటి తప్పినా పొద్దున్నే పిలుపొస్తుంది. రాయలేదంటే చేయనట్టే లెక్క అని మాకు ఫస్టియర్‌లోనే బుర్రకెక్కిస్తారు. చేసి రాయకపోతే తిట్లు పడతాయి, చేయకుండా రాస్తే మాత్రం ఎవరూ కనిపెట్టరు. ఇక మీరే ఊహించుకోండి కొన్ని వార్డుల్లో ఏం జరుగుతుందో.

నేను రూల్స్‌కి వ్యతిరేకిని కాను. ఒక్కో రూలు వెనకా ఎక్కడో ఓ మనిషికి జరిగిన అన్యాయం ఉంటుంది. నా గొడవల్లా ఒకటే. కొత్త రూలు వచ్చిన ప్రతిసారీ కొత్త ఫారం వస్తుంది, కొత్త మనిషి మాత్రం రాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మెడికల్ కాలేజీ ఆసుపత్రి వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో మంచానికొకరు ఉండాలి. పైగా సెలవులకని 30 శాతం మంది అదనంగా ఉండాలట. ఈ లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, డ్యూటీలో మాత్రం ఇంతవరకూ కళ్ళ చూడలేదు. మా వార్డులో రాత్రిపూట నేనూ, ఒక ట్రైనీ అమ్మాయీ, ఆయమ్మా. మంచాలు ముప్పై దాకా.

మొన్న చలికాలంలో ఒక రాత్రి చెప్తాను, అప్పుడు మీకే అర్థమవుతుంది.

పీలేరు వైపు నుంచి వచ్చిన పెద్దామె, హెమోగ్లోబిన్ ఐదుకు పడిపోయింది. కొడుకు కువైట్లో, దగ్గర కోడలొక్కతే. ఒంటిగంటకు బ్లడ్ బ్యాంకు నుంచి ప్యాక్డ్ సెల్స్, అంటే ఎర్ర రక్తకణాల బ్యాగు వచ్చింది. బయటికి తీసిన అరగంటలోపు ఎక్కించడం మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో పూర్తి చేయాలి. ఎక్కించే ముందు ఇద్దరు మంచం దగ్గరే నిలబడి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), గ్రూపు, బ్యాగు నంబరు, ఎక్స్‌పైరీ ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. బంగారం లాంటి రూలు. తప్పు గ్రూపు రక్తం ఎక్కితే మనిషి దక్కకపోవచ్చు. కానీ రెండో మనిషేదీ? ట్రైనీ సంతకం చెల్లదు. డ్యూటీ డాక్టరు క్యాజువాల్టీలో గుండెనొప్పి కేసు దగ్గరున్నారు. సర్జికల్ వార్డుకు ఇంటర్‌కమ్ కొడితే అక్కడి సిస్టరు, ఆపరేషనైన పేషెంటు వాంతులు చేసుకుంటోంది, పది నిమిషాలాగు అక్కా అంది. మొబైల్లో ఇంకెవరినైనా పిలుద్దామంటే ఫోన్లు లాకర్లో పెట్టి రావాలి, అది ఇంకో రూలు. మూడో ఫ్లోర్ నుంచి ఓ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి సంతకం పెట్టి, అదే పరుగున వెళ్ళిపోయింది. ఆ కాసేపు ఆమె వార్డు ఎవరు చూశారో అడగకండి.

రక్తం మొదలుపెట్టాక మొదటి పదిహేను నిమిషాలు నర్సు అక్కడి నుంచి కదలకూడదు. రక్తం పడక రియాక్షన్ వస్తే ఎక్కువగా అప్పుడే మొదలవుతుంది కాబట్టి. చుక్కలు నెమ్మదిగా పెట్టి, పల్స్ పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఆ చివర మంచం నుంచి డెంగీ పేషెంటు వాళ్ళన్న గట్టిగా అరిచాడు. "యామ్మా సిస్టరూ, సెలైను అయిపోయి రక్తం ఎగబాకతా ఉండాది, నువ్వాడ నిలబడి ఏం జేస్తా ఉండావు?" ఆ పక్కనే తిరుత్తణి నుంచి వచ్చినవాళ్ళు, "సిస్టర్, డ్రిప్స్ ముడింజిపోచ్చు" అని అరవంలో అందుకున్నారు. మన ఊరి వార్డులో సగం అరుపులు తమిళంలోనే కదా. కదలకుండానే ట్రైనీకి చెప్పాను, వెళ్ళి సెలైన్ ట్యూబు మీది చక్రం కిందికి తిప్పి సెట్ మూసెయ్యమని.

ఈ సెలైన్ భయం గురించి ఒక మాట చెప్పాలి. సీసా ఖాళీ అయితే గాలి ఒంట్లోకి పోయి మనిషి చచ్చిపోతారని అందరూ సినిమాలు చూసి అనుకుంటారు. స్టాండుకు వేలాడదీసిన సెలైన్‌లో మామూలుగా అలా జరగదు. సీసా అయిపోతే ట్యూబులో నీళ్ళు కొంత ఎత్తు దగ్గర ఆగిపోతాయి, కాస్త రక్తం వెనక్కి వస్తుంది, చూడ్డానికి భయంగా ఉంటుంది అంతే. ఎక్కువసేపు వదిలేస్తే చేతికి గుచ్చిన క్యాన్యులా గొట్టం మూసుకుపోయి మళ్ళీ గుచ్చాల్సి వస్తుంది, కాబట్టి పిలవండి, తప్పకుండా పిలవండి. కానీ ప్రాణం పోతోందన్నట్టు అరవక్కర్లేదు.

సరే, పెద్దామె దగ్గరికొద్దాం. కాసేపటికి "చలిగా ఉందమ్మా" అంది. దుప్పటి కప్పుతూ చెయ్యి పట్టుకుంటే వణుకు. చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నడుం నొప్పి కూడా అంది. వెంటనే బ్యాగు ఆపేసి, సెట్ మొత్తం తీసేసి, కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి, ఆక్సిజన్ అందించి, డాక్టరుకు కబురు పంపాను. ఆయన క్యాజువాల్టీలోంచే ఫోన్లో ఇంజెక్షన్లు చెప్పి, తర్వాత పరుగున వచ్చారు. బ్యాగు, కొత్తగా తీసిన రక్తం, మూత్రం శాంపిల్, రియాక్షన్ ఫారం అన్నీ బ్లడ్ బ్యాంకుకు పంపాం. తెల్లవారేసరికి ఆమె కుదుటపడి కోడలిని కాఫీ అడిగింది. నేను అప్పుడు మంచం దగ్గర లేకపోయుంటే, ఆ వణుకు ఎవరైనా చూసేలోపు ఇంకెంత రక్తం ఎక్కేదో.

ఇప్పుడు పొద్దున సంగతి వినండి. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి ఫైళ్ళు తిరగేసి, పన్నెండు మంచాలకు రాత్రి రెండింటికి నింపాల్సిన కాలమ్ ఖాళీగా ఉందని నా చేతిలో మెమో పెట్టారు. డెంగీ పేషెంటు వాళ్ళన్న ఇచ్చిన ఫిర్యాదు కూడా దానికే పిన్ను కొట్టారు, పిలిచినా సిస్టర్ రాలేదని. రియాక్షన్ పట్టుకున్నందుకు ఒక్క మాట లేదు. ఎక్స్‌ప్లనేషన్ రాయమంటే ఒకటే వాక్యం రాశాను: "రక్తం ఎక్కించేటప్పుడు నర్సు కదలకూడదు అని మీరు గోడకు అంటించిన కాగితం ప్రకారం కదల్లేదు." పొగరు అన్నారు. అననివ్వండి.

గోడ మీద రెండు కాగితాలుంటాయి. ఒకటి కదలొద్దంటుంది, ఇంకొకటి రెండు గంటలకోసారి అందరినీ చూడమంటుంది. ఉన్నది ఒక్క మనిషి. కాబట్టి ప్రతి రాత్రీ ఏ రూలు తప్పాలో మేం ఎంచుకుంటాం, ఏ రూలు తప్పినందుకు పట్టుకోవాలో పొద్దున వాళ్ళు ఎంచుకుంటారు. నర్సుల చిరాకులో ముప్పాతిక వంతు ఇక్కడి నుంచే పుడుతుందని నా లెక్క. పేషెంటు మీద కోపం కాదది. పేషెంట్లతో మాకేం గొడవ, వాళ్ళు మా మీదే ఆధారపడి పడుకున్నవాళ్ళు.

మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇంకా చిల్లర రూల్స్ ఉన్నాయి. రౌండ్స్ టైములో కూర్చోకూడదు. వేలిముద్ర మెషీన్లో కాస్త ఆలస్యమైతే జీతం కోత. తిరుచానూరులో పంచమీ తీర్థం రోజు అటువైపు నుంచి డ్యూటీకి వచ్చే పిల్లలు ఎలా వస్తారండీ, ఊరంతా జనం, ఒక్క ఆటో కదలదు. ఆ రోజూ కోతే. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ మెషీన్ గుర్తుకు రాదు, ఓవర్ ఇచ్చి, రాతలు ముగించి బయటపడేసరికి గంట పైన అవుతుంది, దానికి లెక్కాపత్రం లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో పెట్టుకుని, మానేస్తామంటే డబ్బు కట్టమనే చోట్లు కూడా ఉన్నాయి. మా బ్యాచ్ వాళ్ళలో చాలామంది చెన్నై, బెంగళూరు, గల్ఫ్ అని వెళ్ళిపోయారు, ఇప్పుడైతే కొత్త సిస్టర్లు జర్మనీ వెళ్దామని జర్మన్ నేర్చుకుంటున్నారు. నర్సులు దొరకడం లేదని యాజమాన్యాలు వాపోతుంటే నాకు నవ్వొస్తుంది.

జీతం తీసుకుంటున్నారు కదా అన్నారు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమంది. ఆ కమిటీ, 50 మంచాల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదనీ, 200 మంచాలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ చెప్పింది. కేరళలో నర్సులు రోడ్డెక్కితే 2018లో అక్కడి ప్రభుత్వం 20 వేల కనీస వేతనానికి ఉత్తర్వులిచ్చింది. మన దగ్గర కొత్తగా చేరిన పిల్లను ఎంతొస్తుందని అడిగి చూడండి, తల దించుకుంటుంది. మే 12న నర్సుల దినోత్సవానికి మాత్రం కేకు కోసి, కొవ్వొత్తులు వెలిగించి, దేవతలంటారు. దేవతలకైతే జీతం ఇవ్వక్కర్లేదు కదా, అందుకేనేమో.

విసుక్కునేవాళ్ళు అందరూ మంచివాళ్ళే అని నేననను. నోటి దురుసు ఉన్నవాళ్ళు మాలోనూ ఉన్నారు, ఖాళీగా ఉన్నప్పుడు కూడా కసురుకుంటారు. వాళ్ళ గురించి కంప్లయింట్ ఇవ్వండి. కానీ మీ అమ్మగారి వార్డులో రాత్రిపూట ఎన్ని మంచాలు, ఎంతమంది సిస్టర్లు ఉన్నారో ముందు లెక్క పెట్టండి. ఇద్దరి కంటే తక్కువుంటే, నర్సు రాలేదు అని రాయకండి, అది మెమోగా మారి ఆ పిల్ల మీదే పడుతుంది. "రాత్రి ముప్పై మందికి ఒక్క నర్సే ఉంది, ఇంకొకరిని వేయండి" అని అంకెలతో రాసి, కింద ఫోన్ నంబరు పెట్టండి. మేం మొత్తుకుంటే గొణుగుడు అంటారు, బిల్లు కట్టేవాళ్ళు రాస్తే మీటింగులో చదువుతారు. ఆ ఫీడ్‌బ్యాక్ ఫారం డిశ్చార్జ్ రోజు కాగితాల మధ్యలో ఉంటుంది, హడావిడిలో ఎవరూ చూడరు. ముందే కావాలంటే బిల్లింగ్ కౌంటర్లో అడగండి, ఇస్తారు.