ఒక పార్టీ వైపు మొగ్గిన కార్టూన్ల సంకలనం కొనవచ్చా?

కొనుక్కోండి. కాకపోతే దాని మీద పాఠకుల పొగడ్తలూ తిట్లూ చదివి మాత్రం నిర్ణయించుకోకండి. ‘సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది పార్టీ కరపత్రం అంటున్నారు, ఎవరిని నమ్మాలి?’ అని అడిగారు. ఇరువైపులా చాలామంది పుస్తకం తెరవకముందే తీర్పు చెప్పేసినవాళ్లే. ఇంటికి ఏ దినపత్రిక వేయించుకుంటారో తెలిస్తే ఓటు ఎటో ఊహించగలిగే చోట, కార్టూన్ల మీద అభిప్రాయం ఊహించడం కష్టమా?

అలాంటి సంకలనమే ఒకటి నా దగ్గర ఉంది. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున్నే నడకకు వచ్చే మా బృందంలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. పుస్తకం వాళ్ల చేతులన్నీ తిరిగి నా దగ్గరకు వచ్చేసరికి అంచుల నిండా పెన్సిల్ రాతలు. ఒక బొమ్మ పక్కన ‘పచ్చి అబద్ధం’ అని ఒకరు, దాని కిందే ‘మా ఊరికి రా, చూపిస్తాను’ అని మరొకరు. విశ్రాంత తెలుగు మాస్టారు ఒకాయన రాజకీయం జోలికే పోకుండా అచ్చుతప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. మొత్తం మీద నిష్పాక్షికమైన సమీక్ష ఆయనదే.

అందులో ఒక బొమ్మ ఉంది. నాయకుడు కాలువకు శంకుస్థాపన చేస్తూ కొబ్బరికాయ కొడుతుంటాడు. ఆయన వెనుక అదే కాలువకు వేసిన పాత శిలాఫలకాలు వరుసగా. వాటి మీద ఒక రైతు వేరుశనగ చెట్లు పరిచి ఆరబెట్టుకుంటుంటాడు. కింద ఒక్క అక్షరం లేదు. గీసినాయన ఉద్దేశం ఎదుటి పార్టీని ఎద్దేవా చేయడమే. ముక్కు చూస్తే ఆ నాయకుడెవరో తెలిసిపోతుంది. అయినా ఆ పార్టీలో మండల స్థాయి పదవి చేసిన మా మిత్రుడే ఆ పేజీ తెరిచి పట్టుకుని అందరికీ చూపించాడు. “మా ఊరి చెరువు దగ్గర ఇలాంటివి రెండున్నాయప్పా. మావాళ్లది ఒకటి, వాళ్లది ఒకటి” అన్నాడు.

మిగతా పేజీల్లో చాలావాటికి ఆ బలం లేదు. రోజువారీ కార్టూన్ ఆనాటి వార్త మీద ఆధారపడి బతుకుతుంది. తేదీ, సందర్భం వేయకుండా పుస్తకంలోకి ఎక్కిస్తే, మైకు పట్టుకున్న లావుపాటి మనిషిని చూసి ఎందుకు నవ్వాలో ఎవరికీ తెలియదు. లావును చూసే నవ్వమన్నారేమో అని అనుమానం కూడా వస్తుంది.

తేదీలు ఉంటే నేరుగా ఎన్నికల తర్వాతి పేజీలకు వెళ్లండి. మన రాష్ట్రంలో 2019లోనూ 2024లోనూ ప్రభుత్వం మారింది. తనకు నచ్చినవాళ్లు గద్దెనెక్కాక కార్టూనిస్టు కుంచె ఎటు తిరిగిందో చూడండి. నిన్నటిదాకా రోజూ కనిపించిన గుంతల రోడ్డు హఠాత్తుగా బొమ్మల్లోంచి మాయమైతే, రోడ్డు బాగుపడిందని అర్థం కాదు. కార్టూనిస్టు అబూ అబ్రహామ్‌ను 1972లో, ఇందిరా గాంధీ హయాంలోనే, రాజ్యసభకు నామినేట్ చేశారు. ఆ సభ్యత్వం ఉండగానే, ఎమర్జెన్సీ నడుస్తుండగానే, 1975 డిసెంబరులో ఆయన ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో ఏం గీశారో తెలుసు కదా! రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టిలోంచే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి చేయి చాపి ఇస్తూ, ఇంకేమైనా ఉంటే కాస్త ఆగమనండి అంటుంటారు. మొగ్గు ఉన్నా లేకపోయినా నాకు ఆ తెగువ కావాలి.

ఇక పాఠకుల మాటల్లో ఫలానా బొమ్మ బాగుంది, ఫలానాది తేలిపోయింది అని విడమరిచి రాసినవే ఏరుకుని చదవండి. ముద్రణ మీద ఫిర్యాదులనూ తీసిపారేయకండి. నా ప్రతిలో రెండు పేజీలకు పరిచిన పెద్ద బొమ్మ ఒకటుంది, నాయకుడి ముఖం సరిగ్గా మధ్యలో ఇరుక్కుని కనిపించకుండా పోయింది. ఆయన అభిమానులు దీన్ని కూడా కుట్రే అన్నారు గానీ, చూస్తే అది కుట్టు తప్పే.