అత్తామామలకి వైజాగ్‌లో ఒక్క పూటలో బౌద్ధారామం చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి?

పెద్దవాళ్లతో, అదీ ఒక్క పూటే అంటే తొట్లకొండకే వెళ్లండి. భీమిలి బీచ్ రోడ్డులో, ఊరికి 15 కిలోమీటర్లుంటుందేమో. కారు కొండ పైదాకా పోతుంది. పైన నీడ తక్కువ, పొద్దున్నే బయల్దేరండి.

గైడ్‌ని ముందే మాట్లాడుకోండి. చెప్పేవాళ్లు లేకపోతే అక్కడ కనిపించేవి ఒట్టి ఇటుక పునాదులే! ముందుగా రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపించమనండి, కొండకి ఆ పేరొచ్చింది వాటివల్లే. 1988–93 తవ్వకాల్లో ఇక్కడ శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. స్తూపం దగ్గర నిలబడి కింద సముద్రం చూస్తే, అవి ఎలా వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

బొజ్జన్నకొండా బాగుంటుంది గానీ అది అనకాపల్లి దగ్గర, పైగా మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే వద్దు.