వారానికో సబ్జెక్టు మారుస్తున్నాడు, వీడు నిలబడతాడా?

ప్రశ్న: మాది నల్గొండ, ఎరువుల దుకాణం. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వాళ్ల మేనమామ తను వాడిన పాత కెమెరా ఇచ్చినప్పటి నుంచి ఆదివారం ఇంట్లో ఉండట్లేదు. ఒక వారం పానగల్ గుడి, ఇంకో వారం ఉదయ సముద్రం చెరువు దగ్గర కొంగలు, తర్వాత బత్తాయి తోటలో చీమలు, ఆ తర్వాత మార్కెట్‌లో హమాలీలు. ఇప్పుడు రాత్రిపూట దేవరకొండ ఖిల్లా మీదికి పోయి చుక్కలు తీస్తానంటున్నాడు. దేని మీదా నిలకడ లేదు. మార్కులు తగ్గలేదు గానీ, సీఎస్‌ఈ చెయ్యరా అంటే ఫొటోగ్రఫీ కోర్సు చేస్తానంటాడు. కోపం వచ్చి కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను. బీటెక్, ఫొటోగ్రఫీ రెండూ పోల్చి ఏది మేలో చెప్పండి. వాడు తీసినవి కొన్ని పంపుతున్నాను.

జవాబు: ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడూ వస్తుంది. ఒకరింట్లో కెమెరా, ఇంకొకరింట్లో కీబోర్డు, మరొకరింట్లో క్రికెట్ కిట్. అడిగేది కోర్సు గురించే. లోపల ఉన్న భయం మాత్రం, వీడు ఏదీ గట్టిగా పట్టుకోకుండా మిగిలిపోతాడేమోనని. కోర్సుల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ భయం గురించి మాట్లాడుకుందాం. దానికి సమాధానం మీరు పంపిన ఫొటోల్లోనే ఉంది.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం ఫొటో చూడండి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పడే నీడే ఆ గుడి ప్రత్యేకత. పగలంతా ఆ నీడ కదలదు. బయటి వెలుతురు స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి రావడమే దానికి కారణం. అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామంది సెల్‌ఫోన్ ఫ్లాష్ వేసి ఫొటో తీస్తారు. ఫ్లాష్ పడగానే నీడ మాయమవుతుంది, గోడ తెల్లగా వస్తుంది. మీ వాడు ఫ్లాష్ వెయ్యలేదు. మండపంలోంచే, కెమెరాను రాతి గట్టు మీద ఆనించి, వెలుతురు లోపలికి వచ్చే షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచి తీశాడు. అటుగా నడిచిన మనిషి ఒకరు పొగలాగా పడ్డారు, నీడ మాత్రం చెక్కినట్టు వచ్చింది. కాంతి పాఠాన్ని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునే పిల్లలను రోజూ చూస్తుంటాను. దాన్ని తీసుకెళ్లి ఒక గుడిలో వాడినవాడు అరుదు.

కొంగల ఫొటోల్లో మొదటిది బాగాలేదు. కెమెరాతో వచ్చిన చిన్న లెన్స్‌తో అంత దూరపు పిట్ట చుక్కంత పడుతుంది. దానికి పెద్ద లెన్స్ కావాలి, అది ఖరీదైన మాట, ఇప్పుడు కొనకండి. కానీ తర్వాతి ఫొటో చూశారా? పిట్టను దగ్గరికి లాగే ప్రయత్నం మానేసి, తెల్లవారుజామున చెరువంతా పెట్టి, ఒక మూలన గుంపును చిన్నగా ఉంచాడు. తన దగ్గర లేనిదాని కోసం ఏడవకుండా ఉన్నదానితో దారి వెతుక్కున్నాడు. చీమ ఫొటోలో తల మాత్రమే స్పష్టంగా ఉంది, ఒళ్లంతా మసక. అంత దగ్గర నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది వెంట్రుకవాసి మేరే. గాలికి ఆకు కదిలితే అంతే సంగతి. ఆ తల స్పష్టంగా పట్టడానికి ఎంతసేపు చెట్టు కింద కూర్చున్నాడో అడిగారా?

మీరు నిలకడ లేదంటున్నది ఈ పిల్లవాడినే.

కొత్తగా కెమెరా పట్టినవాడు సబ్జెక్టులు మార్చకపోతేనే నాకు అనుమానం వస్తుంది. గుడి వెలుతురును నేర్పుతుంది, పిట్ట ఓపికను నేర్పుతుంది, మనుషులు మాట తీరు నేర్పుతారు. ఆ మూడోదాంట్లోనే మీ వాడు వెనకబడ్డాడు. హమాలీల ఫొటోలన్నీ వీపులే. ఎదురుగా నిలబడి అడగడానికి మొహమాటపడ్డాడు. ఈసారి కెమెరా సంచిలోనే ఉంచి ముందు వాళ్లతో టీ తాగమనండి, ఫొటో తియ్యొచ్చా అని అడగమనండి, తీశాక ప్రింటు వేయించి ఇమ్మనండి. రేపు ఇంజనీరైనా ఫొటోగ్రాఫరైనా వాడికి అన్నం పెట్టేది ఆ మాట చొరవే.

ఇక మీకు ఒక మాట. మార్కులు తగ్గలేదని మీరే రాశారు, తాళం వేశానని కూడా మీరే రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదువుకోండి. వాడు చేసిన తప్పేంటి? సినిమాలకు తిరిగాడా, బెట్టింగ్ యాప్‌లో డబ్బు పోగొట్టాడా? కొడుకు ఆదివారం పొద్దున్నే లేచి గుడికీ చెరువుకీ పోతుంటే బాధపడే తండ్రికి నేను ఓదార్పు చెప్పలేను. ఈ ఉత్తరం చదవగానే బీరువా తియ్యండి. తీసి ఊరికే ఇవ్వకండి, వాడి పక్కన కూర్చుని ఒక్కో ఫొటో ఎలా తీశాడో చెప్పించుకోండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు.

రాత్రి దేవరకొండ ప్రయాణం విషయంలో మాత్రం మీదే న్యాయం. పదిహేడేళ్ల పిల్లవాడు చీకట్లో బండి మీద హైవే ఎక్కడం, పాత కోట గోడల మీద తిరగడం ఒప్పుకోవద్దు. చుక్కలు మీ బంధువుల పొలంలో కూడా కనిపిస్తాయి. మీరే తోడు వెళ్లండి.

ఇప్పుడు ఫొటోగ్రఫీ కెరీర్ గురించి, ఇది మీ అబ్బాయి కూడా చదవాలి. ఈమధ్య పిల్లలంతా చూపిస్తున్నది ప్రీవెడ్డింగ్ షూట్లు, రీల్స్, ఇన్‌స్టా పేజీలు. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. మన దగ్గర పెళ్లిళ్ల పని ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢం వచ్చినా, మూఢం పడినా పని ఉండదు, కెమెరా ఈఎంఐ మాత్రం ఆగదు. సీజన్‌లో రాత్రీ పగలూ నిలబడి తీసినా, ఆల్బమ్ డబ్బుల కోసం పెళ్లివారింటి చుట్టూ తిరిగే కుర్రాళ్లు నాకు తెలుసు. కష్టపడి స్టూడియో నిలబెట్టుకున్నవాళ్లూ తెలుసు. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఒకరి కింద అసిస్టెంటుగా పనిచేసినవాళ్లే. రీల్స్ ఇంకా అస్థిరం. ఏది పైకి వస్తుందో తీసినవాడి చేతిలో ఉండదు, లైకుల కోసం తీయడం మొదలుపెడితే మీ వాడు ఆ చీమ కోసం కూర్చోవడం మానేస్తాడు. నాకు అన్నిటికంటే బాధ అదే. హైదరాబాద్‌లో కొన్ని నెలల డిప్లొమాకు లక్షలు తీసుకుని, నూటికి నూరు శాతం ఉద్యోగం అని బోర్డు పెట్టేవాళ్లుంటారు. ఫొటోగ్రఫీలో అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ గడప తొక్కొద్దు.

మీరు చెప్పే సీఎస్‌ఈని కూడా నేను వెనకేసుకురాను. ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసైనా అదే బ్రాంచి కావాలన్న పట్టుదల పిల్లవాడి కోసమా, దుకాణానికి వచ్చేవాళ్లకు చెప్పుకోవడానికా?

పోల్చమన్నారు కదా. ఫొటోగ్రఫీ పద్ధతిగా చదవాలంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. ప్రవేశ పరీక్ష వేరు, సీట్లు తక్కువ. బీటెక్ చేస్తే ఈ దారి మూసుకుపోతుందా అంటే, లేదు. గాంధీనగర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీ, పుణే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో సినిమాటోగ్రఫీ రెండూ డిగ్రీ తర్వాతి చదువులే, బీటెక్ పూర్తిచేసినవాళ్లూ ప్రయత్నించవచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివినవారు. కొన్నాళ్లు ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టారు. పేరున్న ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ కూడా సివిల్ ఇంజనీరింగ్ నుంచే వచ్చి 1960లలో ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. అందరూ వాళ్లంతటివాళ్లు అవుతారని కాదు. కెమెరా పట్టడానికి పదిహేడో ఏటే చదువు వదులుకోవాల్సిన పని లేదని చెప్తున్నాను.

నా అభిప్రాయం అడిగితే, వాడు ఇంకా ఏ సబ్జెక్టు దగ్గరికీ పదేపదే తిరిగి వెళ్లలేదు. ఏదో ఒకదాని దగ్గరికి, బహుశా మళ్లీ ఆ గుడికే, ఎవరూ చెప్పకుండా వెళ్లడం మొదలుపెడితే అప్పుడు బీఎఫ్‌ఏ గురించి గట్టిగా ఆలోచించండి. అప్పటిదాకా పరీక్షలయ్యేవరకు నెలకు రెండు ఆదివారాలు కెమెరాకు, మిగతావి పుస్తకాలకు అని ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. ఎప్‌సెట్ రాయనివ్వండి, ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షకూ దరఖాస్తు పెట్టించండి. రెండు ఫలితాలూ చేతికి వచ్చాక మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం వాడినే రాయమనండి.